ముప్పై ఆరు దగ్గర ఆగిన అంకె

మైక్రోకంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు చేతికొచ్చిన ప్రతి కొత్తవాడూ మొదట చేసే పని ఒక చిన్న దీపం వెలిగించడం. రెండోది, దాని వెలుగును మెల్లమెల్లగా పెంచడం. మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. ఆ వెలుగుకు సున్నా నుంచి రెండు వందల యాభై ఐదు వరకే చోటు ఉంటుంది. పిల్లలు ఆ సంగతి మరిచిపోయి పెంచుకుంటూ పోతారు. ఇంకొక్కటి పెరగగానే ఆ చిన్న గదిలో అంకె పట్టక మళ్లీ సున్నా అవుతుంది, దీపం టప్పున ఆరిపోతుంది. "సార్, బోర్డు కాలిపోయింది" అంటూ ఉరికొస్తారు. కాలింది బోర్డు కాదు నాయనా, నీ లెక్క అని నవ్వేవాణ్ని.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని నేను. ఈ పాఠాలు చెప్పే పనిలోకి కొత్తగా వస్తున్న మీకు నా ప్రమోషన్ల కథ, ఫైళ్ల కథ చెప్పి విసిగించను. అంకెకు హద్దు పెట్టడం అనే ఒక చిన్న పాఠం గురించే చెబుతాను. పుస్తకంలో అది అరపేజీ ఉంటుంది. ఆ అరపేజీలో సగం చెప్పి సగం వదిలేసి, ఒక పసిగుడ్డు ప్రాణం మీదికి తెచ్చాను. అందులో నా తప్పెంతో కూడా చెబుతాను. చదివి తిట్టుకుంటే తిట్టుకోండి.

మేకుకు ఆనిన ముల్లు

పాఠాలు చెప్పడానికి ముందు భూపాలపల్లిలో ఒక బొగ్గుబాయి పంపుల దగ్గర రెండేళ్లు పనిచేశాను. నా పైన ఫోర్‌మన్ రాజమల్లన్న. చదువు పదో తరగతి దాటలేదు. మోటారు మీద చెయ్యి వేసి దాని కడుపులో ఏముందో చెప్పేవాడు. నోరు మాత్రం మంచిది కాదు.

చేరిన పదిహేను రోజులకు నన్ను ఒక మీటరు ముందు కూర్చోబెట్టాడు. మోటారు ఎంత కరెంటు లాగుతోందో అది చూపిస్తుంది. "ముల్లు పెరిగితే ఒర్రు" అని చెప్పి అవతలి గదిలోకి వెళ్లాడు. ముల్లు డెబ్బై దాటింది, ఎనభై దాటింది, తొంభై దాటింది. వంద దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. హమ్మయ్య అనుకుని గొంతు చించుకుని కేకేశాను.

"అన్నా! వంద మీద ఆగింది. ఇంక పెరుగుతలేదు!"

ఆయన పరుగున వచ్చి స్విచ్ లాగేశాడు. అప్పటికే మోటారులోంచి పొగ మొదలైంది. నా వైపు తిరిగి చెంప మీద ఒక్కటిచ్చాడు.

"వంద కాడ ఏమున్నదిరా?"

"వంద ఉన్నదన్నా."

"కండ్లు పెట్టి సూడు. మేకున్నది. ముల్లు పోయి మేకుకు ఆనింది. ఆ అవతల నూటయాభై ఉన్నదో, రెండొందలున్నదో నీకెట్ల ఎర్క? మేకుకు ఆనిన ముల్లు లెక్క చెప్పదురా, లబలబ మొత్తుకుంటది."

అంకెల చివర ఆ చిన్న మేకును కొట్టేది ముల్లు వంగిపోకుండా. మేకు ముల్లును కాపాడుతుందే తప్ప మోటారును కాదు. ఆ సంగతి నాకు ఆ రోజు తెలిసింది. చెంప రెండు రోజులు వాచింది. జన్మలో మరిచిపోను అనుకున్నాను. కానీ మరిచిపోయాను.

రోడ్డు మీద పాఠం

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. ఆఫీసులు, బడులు, బస్సులు అన్నీ సమ్మెలో ఉన్నాయి. జనగామలో హైవే పక్కన మా ఉద్యోగుల టెంటు ఉండేది. దానికి నేనే కన్వీనర్ని. రోడ్డుకు అడ్డంగా మొద్దులు వేయించింది నేనే, అంబులెన్సు తప్ప ఏ బండినీ పోనివ్వొద్దని చెప్పిందీ నేనే. నా తెలంగాణ యాస వినగానే "ఆ గిట్లలూ గట్లలూ క్లాసులో మానేయండి మాస్టారూ" అని పదిమందిలో నవ్విన ప్రిన్సిపాల్ కింద ఆరేళ్లు పనిచేసినవాణ్ని. ఆ మంట నాలో ఉండేది.

అప్పట్లో ఎవరి పని వాళ్లు తెచ్చి రోడ్డు మీద చేసేవారు. మంగలివాళ్లు రోడ్డు మీద గడ్డాలు గీశారు. చాకలివాళ్లు ఇస్త్రీ చేశారు. ఆడవాళ్లు పొయ్యిలు పెట్టి వంటలు చేశారు. మా వంతు వచ్చిన రోజు నల్లబల్ల తెచ్చి తారు మీద నిలబెట్టి పాఠం మొదలుపెట్టాను. పదిహేను మంది పిల్లలు చాప మీద కూర్చున్నారు.

ముందు వరుసలో మంజుల. కొడకండ్ల దగ్గర ఒక తండా పిల్ల, చివరి సంవత్సరం. ఇంట్లో లంబాడీ భాష, క్లాసులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మూడింటి మధ్య తిరగాల్సి రావడం వల్లనేమో, నేను చెప్పిన మాట ఒక్కటి పొల్లుపోకుండా రాసుకునేది, రాసుకున్నది రాసుకున్నట్టు చేసేది.

మొదట దీపం ఆరిపోయే కథ చూపించాను. తర్వాత, మైకు చేతిలో ఉంది కదా, ఉపన్యాసం లెవెల్లో చెప్పాను: "ఏ అంకె వచ్చినా ముందు దానికి హద్దు పెట్టాలె. కింద ఇంత, పైన ఇంత. దాటితే కత్తిరించి హద్దు మీద నిలబెట్టాలె. ఒక్క వాక్యం చాలు ప్రోగ్రాంల."

చుట్టూ జనం చేరారు. బచ్చన్నపేట నుంచి వచ్చిన ఒక రైతు వెనకనుంచి అందుకున్నాడు. "సారూ, గా హద్దేదో మా పక్క పొలపోనికి సుత పెట్టరాదు? ఏడాదికో మూర గట్టు జరుపుతాండు."

అందరూ ఘొల్లుమన్నారు. నేనూ నవ్వి, బల్ల వైపు తిరిగి "రెండో సంగతి" అని రాశాను. రాస్తుండగానే పోలీసు వ్యాన్లు వచ్చాయి. పిల్లలు తలో దిక్కుకు ఉరికారు. నల్లబల్ల బూట్ల కింద పడింది. మమ్మల్ని ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టి సాయంత్రానికి వదిలేశారు.

మరునాడు టెంటులో నాకు దండలు వేశారు. ఆ మరునాడు ఇంకో ఊరి టెంటుకు పిలిచారు. పాఠం చెబుతూ అరెస్టయిన సారు అని పేరొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు చాలా తియ్యగా ఉంది. రెండో సంగతి ఆ తియ్యదనంలో పడి పోయింది.

శభాష్

వారం తర్వాత మంజుల ఫోన్ చేసింది. వాళ్ల అక్క కమిలిని కొత్తగూడ అడవిలో ఒక తండాకు ఇచ్చారు. కాన్పుకని తల్లిగారింటికి వచ్చి, ఎనిమిదో నెలలోనే కొడకండ్లలో ఒక చిన్న దవాఖానలో కన్నది. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత ఉంది. వెచ్చగా ఉంచకపోతే బతకదు.

దవాఖానలో అలాంటి పిల్లలను పడుకోబెట్టే మంచం ఉంది. పైన హీటరు ఉంటుంది. పాప ఒంటికి వేడి కొలిచే సెన్సరు ఒకటి అతికిస్తారు. ఒళ్లు చల్లబడితే హీటరు మండాలి, వేడెక్కితే ఆరాలి. ఆ పని చూసే పెట్టె వోల్టేజీ ఎక్కువై కాలిపోయింది. బాగుచేసేవాడు హైదరాబాద్ నుంచి రావాలి, దారులు బందు. అంబులెన్సులో వరంగల్ పంపుదామన్నా అంత దూరం తట్టుకోదేమోనని డాక్టరమ్మ భయపడుతోంది.

"సార్, మన బోర్డు పెట్టనా? సెన్సరున్నది, హీటరును ఏసి ఆర్పే రిలే ఉన్నది. నీళ్ల సీసా మీద పెట్టి చూసిన, మంచిగ పనిచేసింది."

రెండు మూడు ప్రశ్నలు అడిగాను. తడుముకోకుండా చెప్పింది. "పెట్టు బిడ్డా, నేనున్న" అన్నాను. ప్రోగ్రాం ఒకసారి చదివి వినిపించు అని అడగలేదు. అడగాల్సింది.

మరునాడు పగలు పన్నెండు దాటాక మళ్లీ ఫోన్ చేసింది. రోడ్డు మీద వండిన కిచిడీ ప్లేటు నా చేతిలో ఉంది.

"సార్, పాప మంచిగున్నది. ముప్పై ఆరు మీద ఉన్నది సార్."

"ఎప్పటిసంది?"

"పదకొండు కాడికెళ్లి సార్. ఒక్క పాయింటు సుత కదల్లేదు. ఏడ్వకుంట మంచిగ పండుకున్నది."

"శభాష్! నీ పేరు మైకుల చెప్త చూడు."

చెప్పాను కూడా. మన తండా బిడ్డ, మన చదువు, ఒక ప్రాణం నిలబెట్టింది అని అరిచాను. జనం చప్పట్లు కొట్టి నినాదాలు అందుకున్నారు. మైకు కింద పెట్టి చెయ్యి కడుక్కుంటూ యాంప్లిఫయర్ వైపు చూశాను. గొంతు ఎంత పెద్దదో చూపించే చిన్న ముల్లు దాని మీద ఉంటుంది. జనం అరుపులకు అది చివరిదాకా వెళ్లి మేకుకు ఆని అక్కడే వణుకుతోంది.

నా చెంప చురుక్కుమంది. ఇరవై ఏళ్ల కిందటి దెబ్బ.

కాళ్లూ చేతులూ ఆడించే పసిపిల్ల ఒళ్లు గంటసేపు ఒకే అంకె మీద ఎలా నిలుస్తుంది? ముప్పై ఆరు పాప వేడి కాదు, మంజుల పెట్టిన కింది హద్దు. మనిషి ఒళ్లు సెంటీగ్రేడు లెక్కన ముప్పై ఆరుకూ ముప్పై ఏడున్నరకూ మధ్య ఉంటుందని చదువుకుంది. ఏ అంకె వచ్చినా హద్దు పెట్టమన్నాను కాబట్టి, సెన్సరు తెచ్చిన అంకెకే హద్దు పెట్టేసింది. సెన్సరు పాప ఒంటి మీంచి ఊడి పక్కకు వేలాడుతుంటే అది గది గాలిని చూపిస్తుంది, ఏ ముప్పయ్యో ఉంటుంది. ప్రోగ్రాం దాన్ని కత్తిరించి ముప్పై ఆరని చూపిస్తుంది. కావలసింది ముప్పై ఆరున్నర, ఇంకా అందలేదు కదా అని హీటరును మండిస్తూనే ఉంటుంది. ఎంత మండినా అంకె కదలదు. కింద పాప కాలిపోతూ ఉంటుంది.

దానికి నేను శభాష్ అన్నాను.

నేను వేయించిన మొద్దులు

ఫోన్ చేశాను. కలవలేదు. మళ్లీ చేశాను, స్విచాఫ్. ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది. దవాఖాన నంబరు నా దగ్గర లేదు, అడిగి పెట్టుకోవాలన్న బుద్ధి పుట్టలేదు. పక్కవాడి మోటార్‌సైకిల్ తాళం లాక్కుని బయల్దేరాను.

మొదట ఆపింది నా మొద్దులే. కాపలా ఉన్న పిల్లలు నన్ను చూసి నవ్వారు.

"ఏంది సార్, మీరే గద ఎవ్వల్ని పోనియ్యద్దన్నరు?"

"అరే, జరగుండ్రి! పాప సచ్చిపోతది!"

నా మొహం చూసి నవ్వులు ఆగిపోయాయి. ఇద్దరు కలిసి మొద్దు లేపారు. దేవరుప్పుల దాటాక ఇంకో అడ్డు. అక్కడ నన్నెరిగినవాడు లేడు. రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. నడివయసు మనిషి ఒకతను హ్యాండిల్ పట్టుకున్నాడు.

"దవాఖానకు పోవాలె అన్నా. పసిపిల్ల..."

"పొద్దటిసంది వచ్చిన ప్రతోడు దవాఖాననే అంటాండు. బండి ఎన్కకు మర్లగొట్టు."

"నేను జనగామ టెంటు కన్వీనర్ని."

"అయితే ఇంక మంచిదాయె. నీకు తెల్వదా బంద్ అంటే ఏందో?"

నేనైనా అదే అనేవాణ్ని, అన్నాను కూడా ఎందరినో. ఏడుపొచ్చింది. నలుగురి ముందు, యాభై ఏళ్లకు దగ్గరపడ్డవాణ్ని, బండి మీద కూర్చుని ఏడ్చేశాను. ఆయన హ్యాండిల్ వదిలేసి పత్తి చేను వైపు చెయ్యి చూపించాడు. "గా బండ్లబాట పట్టుకొని పో. మైలు దూరంల రోడ్డెక్కుతవ్. జర పైలం."

ఆ బాటలో రెండుసార్లు పడ్డాను. ఆగిన ప్రతిచోటా ఫోన్ చేశాను. స్విచాఫ్. కొడకండ్ల చేరేసరికి రెండున్నర అయింది.

దవాఖాన చీకటిగా ఉంది. ఫ్యాను తిరగడం లేదు. లోపల మంచం ఖాళీగా ఉంది. పాప పోయిందనే అనుకున్నాను.

వెనక వరండాలోంచి సన్నగా ఏడుపు వినిపించింది. జన్మలో అంత మంచి చప్పుడు వినలేదు. కమిలి గోడకు ఆనుకుని కూర్చుంది, రొమ్ము మీద పాప. ఒళ్లంతా కందిపోయి ఎర్రగా ఉంది. డాక్టరమ్మ తడిగుడ్డతో తుడుస్తోంది. పాప ఎడమ భుజం మీద రూపాయి బిళ్లంత మచ్చ పొక్కి ఉంది. మంజుల బోర్డు చేతిలో పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడింది.

"ఒంటిగంటకు కరెంటు పోయింది సార్" అంది కమిలి. "గీ కరెంటోళ్ల నోట్ల మన్నువడ, నా బిడ్డ సల్లవడతదని తిట్టుకుంట ఎత్తుకున్న. పెనం ముట్టినట్టయింది. గప్పటిదాంక డబ్బల అంకె మంచిగనే ఉన్నది, ఊకె ముట్టద్దన్నరు నర్సమ్మ."

సెన్సరు పక్కగుడ్డ కింది నుంచి జారి మంచం బయట వేలాడుతోంది. భూపాలపల్లిలో బాయి కార్మికులు సమ్మెలో ఉన్నారు. బొగ్గు లేక కరెంటు కోతలు పెరిగాయి. ఆ కోత రాబట్టి హీటరు ఆరింది. మేమెవ్వరం ఆర్పలేదు.

"ఇంకో పావుగంట ఆగితే నా చేతిల కూడ ఏముండకపోవు" అంది డాక్టరమ్మ, నా వైపు చూడకుండానే.

మంజుల ఇటు తిరిగింది. "మీరే గద సార్, ఏ అంకె వచ్చినా హద్దు పెట్టుమన్నరు. పెట్టిన."

ఇక్కడ నేను గొప్పగా ఏదో అన్నానని రాసుకోవచ్చు. అడిగేవాళ్లెవరు? కానీ నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "రెండో సంగతి చెప్పకముందే పోలీసులొచ్చిన్రు గద బిడ్డా."

కమిలి తలెత్తి నన్ను చూసింది. కళ్లలో నిప్పులున్నాయి. "పోలీసోళ్లు ఒక్కనాడే వచ్చిన్రని మా చెల్లె చెప్పింది సార్. తర్వాత వారం దినాలు మీరేం జేసిన్రు?"

దండలు వేయించుకున్నాను. ఆ మాట పైకి అనలేక డాక్టరమ్మ వైపు తిరిగాను. ఆమెతో చెప్పాను, తప్పు ఈ పిల్లది కాదు, చెప్పింది నేను, సగమే చెప్పాను అని. ప్రోగ్రాం ఇప్పుడే సరిచేసి ఇస్తానని కూడా అన్నాను. ఆమె బోర్డును పక్కకు నెట్టేసింది.

"మీ డబ్బ వద్దు, మీ అంకె వద్దు. తల్లి రొమ్ము మీదనే ఉంచుదాం."

పది రోజులు ఆ పాపను రొమ్ము మీంచి మంచం మీదికి దించలేదు. రాత్రీ పగలూ వంతులు వేసుకుని కమిలీ, అమ్మమ్మా, మంజులా మోశారు. పాప బతికింది. ఇప్పుడు కొత్తగూడలో బడికి పోతోంది. భుజం మీద మచ్చ అలాగే ఉంది.

రెండో సంగతి

మరునాడే టెంటు ముందు నల్లబల్ల మళ్లీ పెట్టి చెప్పాను. దండ వేయడానికి ఎవరో వస్తే ఆపేశాను. ఆ రోజు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

హద్దును మీరు యంత్రానికి ఇచ్చే హుకుంకు పెట్టండి. హీటరు ఇంతకన్నా మండకూడదు, మోటారు ఇంతకన్నా తిరగకూడదు, అక్కడ హద్దు ఉండి తీరాలి. సెన్సరు తెచ్చే వార్తను మాత్రం కత్తిరించకండి. పాప ఒళ్లు ముప్పై అని వస్తే ఆ ముప్పయ్యిని అలాగే చూపించండి. అలాంటి అంకె వచ్చిందంటే సెన్సరన్నా ఊడి ఉంటుంది, పాపకన్నా ప్రమాదం వచ్చి ఉంటుంది. రెండింటిలో ఏదైనా సరే హీటరు ఆర్పి, గంట మోగించి మనిషిని పిలవాలి. ఇది రాయడానికి నాలుగు వాక్యాలు చాలు. చెప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలే నేను వారం రోజులు చెప్పకుండా ఉన్నది.

మంజుల ఇప్పుడు మహబూబాబాద్‌లో పిల్లలకు ఇదే పాఠం చెబుతోంది. రెండో సంగతి ముందు చెప్పి, మొదటిది తర్వాత చెబుతుందట. నేనడిగితే "పోలీసులొస్తరేమోనని సార్" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సమ్మె అయిపోయాక భూపాలపల్లి వెళ్లి రాజమల్లన్నను కలిశాను. ఇంకో ఏడాదిలో ఉద్యోగం దిగిపోతాడు, జుట్టంతా నెరిసింది. కథంతా చెప్పాను. చెప్పేటప్పుడు నాకు తెలియకుండానే దానికి ఒక మంచి ముగింపు తగిలించుకున్నాను.

"మీరు బాయి బంద్ పెట్టబట్టే పాప బతికిందన్నా. అందరు తిట్టిన కరెంటు కోతనే ప్రాణం కాపాడింది."

మెచ్చుకుంటాడనుకున్నాను. బీడీని నేలకు రాసి ఆర్పాడు.

"కరెంటు పోకపోతే?" అన్నాడు.

పాప ఇప్పుడు మంచిగనే ఉన్నది గద అని అందుకోబోయాను.

"నిన్నడుగుతానరా. నీకు మేకు చూపిచ్చిన. నువ్వు ఆ పిల్లకు చూపియ్యలే. కరెంటు పోకపోతే?"

ఆయన చెయ్యి కొంచెం పైకి లేచింది. నేను కదలకుండా, చెంప ఆయన వైపే పెట్టి కూర్చున్నాను. ఆయన చెయ్యి దించేసి, ఇంట్లోకి వెళ్లి నాకు చాయ్ తెచ్చాడు.

కొట్టి ఉంటే బాగుండేది.